అంగుళం మేర

కొమ్మను నరికిన తర్వాత దాని తల ఏదో కాలు ఏదో చూసేవాళ్ళకు తెలియదు. అందుకని కానుగ నర్సరీలో ఆడవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పైకొనను తిన్నగా కోస్తారు, కింది కొనను ఏటవాలుగా కోస్తారు. ఏటవాలు కొన మందులోకి, అక్కణ్ణుంచి ఇసుకలోకి. తారుమారు చేసి నాటితే ఆ పుల్ల నెల తర్వాత కూడా పుల్లే.

శివలీల చేతిలో కత్తి ఉన్నప్పుడు తారుమారన్న మాటే లేదు. ఎండ కొండ దిగి రాకముందే ఆమె రెండు వందల పుల్లలు కోసి తడి గోనెపట్టాలో చుట్టి పెట్టేది. పెన్సిలంత లావు, జానెడు పొడవు, మూడు కణుపులు, పైన రెండాకులు. ఆ ఆకులను మళ్ళీ సగానికి కత్తిరించాలి, లేకపోతే పుల్లలో ఉన్న కాస్త తడినీ అవే తాగేస్తాయి. తొమ్మిదో తరగతిలో ఆమె వేసిన వేరు బొమ్మను సారు పై తరగతి వాళ్ళకు కూడా చూపించాడు. ఆ ఏడే తల్లి పోయింది, మరుసటేడు పెళ్ళయింది, చదువు అక్కడితో ఆగింది. ఈ సంగతి ఎవరికీ చెప్పేది కాదు గానీ, కత్తి పట్టుకున్నప్పుడల్లా ఆ బొమ్మ కళ్ళ ముందుకొచ్చేది.

నర్సరీ అంతా ఒక్క చెట్టు కోసం పెట్టింది. కదిరి దారి పక్కన నూరేళ్ళ కానుగ ఒకటి ఉంది. ఎన్నేళ్ళు వాన ముఖం చాటేసినా పచ్చగానే నిలబడింది. దాని గింజలో నూనె మామూలు కానుగకు రెండింతలు. అలాంటివి కొండల నిండా ఉంటే ఆ నూనెతో బస్సులు నడుస్తాయని, ఈ సీమ పిల్లలు బతుకు వెతుక్కుంటూ బళ్ళారికీ బెంగళూరుకీ పోనక్కర్లేదని ఈ నర్సరీ పెట్టిన శాస్త్రవేత్త డాక్టర్ నళినాక్షి మేడమ్ నమ్మకం. గింజ వేస్తే పిల్లమొక్క తల్లిని పోలి రాదు. ఆ చెట్టే కావాలంటే దాని కొమ్మే నాటాలి. అదీ ఎండాకాలం దాటేలోగానే నాటాలి, ఎందుకంటే రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు అప్పటికే ఆ చెట్టు మొదట్లో ఎర్రరంగుతో గుర్తు పెట్టి వెళ్ళారు.

చిక్కల్లా దాని వయసుతోనే వచ్చింది. మేడమ్ మొదటిరోజు నలభై మంది ఆడవాళ్ళనూ ఇసుక తొట్టి చుట్టూ నిలబెట్టి రెండు పుల్లలు పెరికి చూపించింది. ఏడాది మొక్క నుంచి తీసిన పుల్లకు తెల్లటి వేళ్ళు, వేళ్ళ మీద కందిచెట్టుకు వచ్చినట్టే సన్న బుడిపెలు. పెద్ద కానుగ నుంచి తీసిన పుల్లకు కొన నల్లబడటం తప్ప ఏమీ లేదు.

"ముసలి కొమ్మకు తన వయసు గుర్తుంటుంది. పుయ్యడం, కాయడమే ఇంక నా పని అనుకుంటుంది. వేరు వెయ్యడం చిన్నపిల్లల పని దానికి. ఆ గుర్తును చెరిపెయ్యాలి," అంది మేడమ్.

అని, గాజు తొట్టిలో ఉన్న లేత పసుపు నీళ్ళలో మూడో పుల్ల ఏటవాలు కొనను అంగుళం మేర ముంచి, పది లెక్కపెట్టి తీసి, ఇసుకలో గుచ్చింది. పదకొండో రోజు దాన్ని పెరికితే గుప్పెడు వేళ్ళు. మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మందుకు ఆమె ఏదో పొడుగాటి అంకె పేరు పెట్టుకుంది. ఆడవాళ్ళు మరుపు మందు అన్నారు, అదే నిలిచింది.

అందరికంటే పెద్దది తిప్పక్క. ఆమె రెండు మోకాళ్ళూ పట్టేసి ఏడాదైంది. తొట్టి అంచు పట్టుకుని లేస్తూ, "నా మోకాళ్ళకు గుడక రెండు చుక్కలు పూయించు మేడం. పదహారేళ్ళ పిల్లనైపోయి మళ్ళా పెండ్లి చేసుకుంటా, ఈసారన్నా మంచోణ్ణి సూసుకుంటా," అంది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. శివలీల కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ మాటను కొంగున ముడి వేసుకుంది.

ఎందుకంటే ఇంట్లో జాను ఉంది.

కూతురు జానుకు నాలుగున్నరేళ్ళు. తొమ్మిది నెలలప్పుడు వచ్చిన జ్వరం తర్వాత కుడికాలు ఎదగడం ఆపేసింది. ఎడమకాలు పిల్లతో పాటు పెరిగింది, కుడికాలు మాత్రం సన్నగా చెయ్యంతే ఉండిపోయింది. గోడ పట్టుకుని, గోడ అయిపోతే నేల పట్టుకుని తిరిగేది. పెద్దాసుపత్రిలో నూనె మర్దన చేస్తూ ఉండమన్నారు, వయసు వచ్చాక చూద్దామన్నారు. కాలికి రానిదంతా నోటికొచ్చింది ఆ పిల్లకు. అంగన్‌వాడీ పాటలన్నీ నోటికి వచ్చు. ఏడు కోళ్ళకూ ఏడు పేర్లు పెట్టింది. ఇక ప్రశ్నలకు అంతే లేదు. కోడి ఏంటికి నీళ్ళు తాగి పైకి సూస్తాది? జేజికి పండ్లు ఏంటికి ల్యావు? నాయన ఆటో ఏంటికి దగ్గుతాంది? జేజి అంటే నాయనమ్మ సంజమ్మ. ఆమె విసుగొచ్చి, "ఏంటికి ఏంటికి అని నా పానం తీస్తాంది, దీనికి ఏంటికమ్మ అని పేరు పెట్టాల్సింది," అనేది. అన్నాక ముద్దు పెట్టుకునేది.

రోజూ సాయంత్రం పని నుంచి వచ్చి శివలీల పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు చాపి, పసిపిల్లను వేసుకున్నట్టు జానును కాళ్ళ మీద పడుకోబెట్టి ఆముదం రాసేది. ఆ వయసు పిల్లను అలా ఎవరూ వేసుకోరు. ఎడమపాదం తల్లి పాదాలు దాటి నేలకు తగిలేది. ఒకరోజు అలా పడుకునే ఆ పిల్ల అడిగింది. "మా, నా ఈ కాలు ఏంటికి నిద్రపోతాంది? దానికి ఏంటికి మెలకువ రాదు?"

ఏ తల్లయినా ఆ పూటకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. శివలీల మాత్రం ఆ ప్రశ్నను మరుసటిరోజు నర్సరీకి మోసుకుపోయింది.

ఆ వారంలోనే తొట్టి దగ్గర ఒక పొరపాటు జరిగింది. తిప్పక్క కట్ట ఎత్తబోయి తూలితే, ముప్పై పుల్లలు జారి మందులో నిలువునా మునిగిపోయాయి. పారేద్దామంటే మేడమ్ వద్దని, వాటిని విడిగా నాటించింది. రెండు వారాలకు తీసి చూస్తే వాటికి పైకొన నుంచీ వేళ్ళే, కింది కొన నుంచీ వేళ్ళే. ఆకు అన్నది లేదు. గాలిలోకి వేళ్ళు చాపి, ఎటు పోవాలో తెలియక వంకర్లు తిరిగి ఎండిపోయాయి.

"చూశారా? మొత్తం మర్చిపోతే చెట్టు కావడం కూడా మర్చిపోతుంది. కింద మరవాలి, పైన గుర్తుండాలి. అంగుళం అంటే అంగుళమే," అంది మేడమ్.

వింటున్న ఆడవాళ్ళకు అది జాగ్రత్త. శివలీలకు అది దారి. అంగుళం మేర ముంచితే అంగుళమే మరుస్తుంది, మిగతా పుల్లకు ఏమీ కాదు. ఆమె స్వయంగా వేల పుల్లల్లో చూసింది, ఒక్కటీ తప్పలేదు. అయితే మోకాలి కింద వరకే రాస్తే మోకాలి కిందే కదా మరుస్తుంది? ఆ కాలికి జ్వరం వచ్చిన సంగతి, ఎదగడం ఆపేసిన సంగతి మరిచిపోతే చాలు. పైన ఉన్న పిల్ల పిల్లగానే ఉంటుంది.

సాయంత్రం తొట్టి అడుగున మిగిలిన మందును సున్నపు గుంటలో పోయడం శివలీల పనే. ఆ రోజు అందులోంచి కొంచెం జాను పాత దగ్గుమందు సీసాలోకి వంచుకుంది. చేతులు వణకలేదు. అదే తర్వాత ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

మూడు చుక్కలు మందు, దోసెడు ఆముదం. మోకాలి కింద నల్లదారం కట్టి గుర్తు పెట్టుకుంది, దారం దాటి రాయకూడదని. నర్సరీలో వేసుకునే గ్లౌజులు వేసుకుంది. జాను తలెత్తి ఆ చేతులను చూసింది.

"ఏంటికి మా, రబ్బరు చేతులు?"

"నా చేతులు గరుగ్గా ఉండాయి కదా, నీకు గుచ్చుకుంటాయని."

నాలుగోరోజు పాదం వెచ్చబడింది. ఏడోరోజు పిక్క మీద చర్మం బిగిసింది. పదకొండో రోజు, లెక్క తప్పకుండా పదకొండో రోజే, జాను గోడ వదిలి పెరట్లో మూడడుగులు వేసి, కోడిని పట్టుకోబోయి పడి, మళ్ళీ లేచింది. భర్త రామాంజి ఆటో ఆపి లోపలికి వచ్చేసరికి కూతురు ఎదురొచ్చింది. అతను గడపలోనే వంగి ఆ కుడికాలిని రెండు చేతులతో తడిమి చూశాడు. సంజమ్మ ఊళ్ళో దర్గాకు మొక్కుకుంది కాబట్టి ఇదంతా స్వామి దయ అంది, బెల్లం పంచిపెట్టింది. వాడంతా వచ్చి పిల్లను నడిపించి చూసుకుని పోయింది. శివలీల కూడా ఏడ్చింది. ఏడుస్తూ, సీసాను బియ్యం డబ్బా వెనక్కి ఇంకొంచెం జరిపింది. కాలు ఇంకొంచెం నిండాలి, ఇంకో నాలుగు రోజులు రాద్దాం అనుకుంది.

ఆ నాలుగు రోజుల్లోనే మొదటి మాట పోయింది.

జాను నల్లకోడిని పిలవబోయి ఆగిపోయింది. నోరు తెరుచుకుని కాసేపు నిలబడి, "కోడీ," అంది. ఆ కోడి పేరు కారుమబ్బు. పేరు పెట్టింది తనే. శివలీల నవ్వి పేరు అందించింది. పిల్ల దాన్ని కొత్తమాట విన్నట్టు విని, పలకకుండా వెళ్ళిపోయింది. మరుసటిరోజు అంగన్‌వాడీ టీచరమ్మ గేటు దగ్గర పలకరించి, పిల్ల నడక వచ్చాక పాట మీద మనసు పెట్టడం లేదని, ఆటల మీదే ధ్యాస అని నవ్వుతూ చెప్పింది. ఆ మరుసటి రోజు రంగుల పేర్లు పోయాయి. ఎర్రదీ పచ్చదీ అన్నీ "అది".

పోతున్నవి ఏ మాటలో తల్లికి తప్ప ఇంకెవరికీ తెలియదు. జాను ఏ మాట ఏ నెలలో నేర్చిందో శివలీలకు ఒళ్ళంతా గుర్తే. చిట్టచివర నేర్చినవి మొదట పోతున్నాయి. పాటలు, రంగులు, వారాల పేర్లు, కోళ్ళ పేర్లు. పిల్ల వచ్చిన దారినే వెనక్కి పోతోంది. ఆ సంగతి అర్థమైన రోజు ఆమె సీసాను సున్నపు గుంటలో పగలగొట్టింది, నల్లదారం తెంపి పొయ్యిలో వేసింది. నూనె ఆపితే మరుపు కూడా ఆగుతుందనుకుంది. కానీ నర్సరీలో పుల్లలు ముంచే మనిషికి తెలియదా? ముంచేది పది లెక్కపెట్టే వరకే. మరుపు మాత్రం నెల పాటు లోపల నడుస్తూనే ఉంటుంది, కొత్త ఆకు వేసే దాకా.

అప్పుడే మేడమ్ దగ్గరికి పరుగెత్తాల్సింది. అది ఆమెకు ఆ క్షణంలోనే తెలుసు. అయినా తొమ్మిది రోజులు వెళ్ళలేదు.

ఆ తొమ్మిది రోజులకూ ఆమె దగ్గర తొమ్మిది కారణాలుండేవి. చెబితే నర్సరీ మూస్తారు. నలభై మంది ఇళ్ళల్లో పొయ్యి ఆ నర్సరీ మీదే వెలుగుతోంది. పెద్ద కానుగకు ఇంక నెలన్నరే ఉంది, పుల్లలు ఇంకా సగం కూడా కాలేదు. మేడమ్ తొమ్మిదేళ్ళ కష్టం. రామాంజి కూతుర్ని ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పి, దించి నడిపించి చూపించుకుంటున్నాడు, అతని ముఖం చూసి ఎలా చెప్పడం. పిల్లకు జలుబు చేసి మాట మందగించిందేమో. రేపటికి సర్దుకుంటుందేమో. ఇలా ప్రతి రోజూ పొద్దున ఒక కారణం దొరికేది. సాయంత్రానికి ఒక మాట పోయేది.

తిప్పక్కకు ఏదో అనుమానం వచ్చింది. నర్సరీలో అన్నం తినేటప్పుడు పక్కన చేరి, నీ బిడ్డ కాలు బాగైందని వాడంతా పండగ చేసుకుంటాంటే నీ ముఖం ఏంది అట్ల ఉండాదని నిలదీసింది. శివలీల తలనొప్పి అంది. తిప్పక్క ఆమెను చూసి, తన మోకాళ్ళు తడుముకుంది. ఆ రోజు నుంచి తొట్టి దగ్గర ఆమె కూడా జోకులు మానేసింది.

ఆరోరోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. జాను పెరట్లో పరుగెత్తుతూనే ఉంది, రెండు కాళ్ళ మీదా, అలుపు లేకుండా. రామాంజి ఆటో దగ్గుతూ వచ్చి ఆగింది. పిల్ల దాన్ని చూసి నవ్వింది. ఏమీ అడగలేదు. కోడి నీళ్ళు తాగి పైకి చూసింది. పిల్ల ఏమీ అడగలేదు. "ఏంటికి" పోయిందని శివలీలకు అప్పుడు తెలిసింది. ఆ ఒక్క మాటతో ఇంట్లో శబ్దమంతా పోయింది. సంజమ్మ మాత్రం, పిల్ల బుద్ధిమంతురాలైంది, సతాయించడం మానేసిందని మురిసిపోయింది.

ఏడోరోజు "నాయనా" పోయింది. ఎనిమిదో రోజు "నీళ్ళు" పోయి చెంబు చూపించడం వచ్చింది. తొమ్మిదో రోజు పొద్దున సంజమ్మ మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నేనెవురు సెప్పు, నేనెవురు?" అని మురిపెంగా అడిగింది. జాను ఆమె ముఖాన్ని చేత్తో తడిమి, ఊరుకుంది. రెండోసారి అడిగితే ఆమె ఒళ్ళోంచి దిగి వెళ్ళిపోయింది. ముసలామె నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

"జేజి" కంటే ముందు పిల్లకు వచ్చిన మాటలు రెండే. "బువ్వ", దానికంటే ముందు "అమ్మ". దానికంటే ముందు ఏముందో శివలీల ఆలోచించుకుంది. కూర్చోవడం. బోర్లా పడటం. మెడ నిలపడం. పాలు చీకడం.

ఆమె క్యారియర్ కూడా తీసుకోకుండా నర్సరీకి పరుగెత్తింది.

మేడమ్ తొట్టి దగ్గర పుల్లలు లెక్కపెడుతోంది. శివలీల నిలబడి ఉండగానే అంతా చెప్పేసింది, పాఠం అప్పజెప్పినట్టు, ఒక్క ఊపిరిలో. మేడమ్ మొదట వినలేదేమో అనిపించింది. తర్వాత ఆమె చేతిలో పుల్లలు ఒక్కొక్కటే తొట్టిలో పడ్డాయి.

"ఎన్ని చుక్కలు?"

"మూడు మేడమ్. పదిహేను రోజులు."

"ఏ నూనెలో?"

"ఆముదంలో. మోకాలి కిందనే రాసినాను మేడమ్. దారం కట్టుకుని, దారం దాటకుండా. మీరు చెప్పినారు కదా, అంగుళం ముంచితే అంగుళమే అని."

మేడమ్ కళ్ళు మూసుకుంది. "శివలీలా, పుల్లను చెట్టు నుంచి నరికేశాం. దాంట్లో ఏదీ తిరగదు. పిల్లలో నెత్తురు తిరుగుతుంది. కాలి నెత్తురు నిమిషంలో తలకెక్కుతుంది."

అంతే. ఒక చిన్న సంగతి. నెత్తురు ఒళ్ళంతా తిరుగుతుందని శివలీల విననిది కాదు. కానీ ఎంత వేగంగా తిరుగుతుందో, కాలిది గుండెకూ గుండెది తలకూ ఎలా పోతుందో బొమ్మలు గీసి చెప్పే పాఠం పదో తరగతి పుస్తకంలో ఉంటుంది. ఆమె తొమ్మిదితో ఆగింది.

"నీ చేతులకు?" అంది మేడమ్ ఉలిక్కిపడి. "నీకేమైనా, మతిమరుపు గాని..."

"లేదు మేడమ్. నేను గ్లౌజులు ఏసుకున్నా."

ఆ మాట బయటికి వచ్చాక గానీ శివలీలకు అది ఎలాంటి మాటో వినపడలేదు. చుట్టూ ఆడవాళ్ళు చేరి ఉన్నారు. తిప్పక్క కొంగుతో నోరు మూసుకుంది.

మేడమ్ తిట్టలేదు. తిడితే బాగుండునని దారంతా శివలీలకు అనిపించింది. జీపులో పిల్లనూ తల్లినీ ఎక్కించుకుని బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. ఏ మందో, ఎంతో, ఎలా చేసిందో కాగితాల మీద రాసి డాక్టర్ల ముందు పెట్టింది. అలా రాసిచ్చాక నర్సరీ ఉండదని ఆమెకు తెలుసు. నాలుగు రోజులు యంత్రంలోంచి జాను నెత్తురు తిప్పి కడిగారు. గాజుతలుపు బయట బల్ల మీద కూర్చున్నప్పుడు మేడమ్ ఒకసారి మాత్రం మాట్లాడింది. ఒక సాయంత్రం తొట్టిలో మందు గుక్కెడు తగ్గడం తాను చూసిందట. ఎండకు ఆవిరైందని పుస్తకంలో రాసుకుని ఊరుకుందట. "ఎవరు తీశారని అడగడానికి నాకూ టైం లేకపోయింది," అంది. శివలీల పాపంలో వాటా పంచుకోవాలని మేడమ్ అన్న మాటే అది. శివలీల ఆ వాటా ఇవ్వలేదు.

ఆసుపత్రిలో రెండోరోజు "బువ్వ" పోయింది. మూడోరోజు పొద్దున జాను కళ్ళు తెరిచి శివలీలను చూసి నవ్వింది. సెలైన్ మార్చడానికి వచ్చిన నర్సును చూసి అలాగే నవ్వింది. గది ఊడ్చే ఆమెను చూసి అలాగే నవ్వింది. నాలుగో రోజు మరుపు ఆగింది. ఇక వెనక్కి పోదని డాక్టర్లు చెప్పారు. తల నిలబడుతుంది, కాళ్ళు నడుస్తాయి. మాటలు మొదటి నుంచీ నేర్పుకోండి, నేర్చుకుంటుంది, మెదడు పసిపిల్లదిలా ఉంది అన్నారు. మంచివార్తే చెప్పారు. శివలీల వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. మూడు రోజులు. మూడు రోజులు ముందు నోరు తెరిచి ఉంటే ఆ రెండు మాటలూ మిగిలేవి.

ఇంటికి వచ్చాక రామాంజి కొట్టలేదు, అరవలేదు. నెల రోజులు ఆమె ముఖం చూడకుండా అన్నం తిన్నాడు. సంజమ్మ ఒక్కసారే అంది. "కాలు లేకపోయినా నా మనవరాలు నన్ను పిలుస్తా ఉండె."

నర్సరీ మూశారు. మందు తొట్టిలన్నీ సున్నం పోసి పూడ్చారు. మేడమ్‌ను ఎక్కడికో పంపారు. ఆడవాళ్ళు కొందరు ఇటుక బట్టీకి, కొందరు వేరుశనగ మిల్లుకు పోయారు. దారిలో ఎదురైతే పలకరించేవాళ్ళు, తప్పుకుపోయేవాళ్ళు, ఇద్దరూ ఉన్నారు. ఒకామె ఎదురుగా నిలబడి, నీ ఒక్క బిడ్డ కోసం మా అందరి బిడ్డల కూడు తీసినావని అంది. శివలీల అవునంది. జూన్‌లో పెద్ద కానుగను కొట్టేశారు. ఆ రోజు ఆమె దూరంగా నిలబడి చూసింది. అప్పటికే వేరు పట్టి కొండకు చేరినవి మూడు వందల మొక్కలు. అవి బతికాయి.

జానుకు మాటలు మళ్ళీ వస్తున్నాయి. ఈసారి వరుస మారింది. మొదట "కోడి" వచ్చింది. తర్వాత "ఆటో". తర్వాత "జేజి". ఆ రోజు సంజమ్మ వీధిలోకి పోయి అందరికీ చెప్పుకుంది. శివలీల పని నుంచి వచ్చింది మొదలు పిల్ల నిద్రపోయేదాకా పక్కనే కూర్చుని నేర్పుతుంది. ఇది చెంబు. ఇది చీపురు. ఇది ఎండ. ఒక్క "అమ్మ" మాత్రం తనంతట తాను నేర్పలేదు. అది అడిగి పుచ్చుకునే మాట కాదనిపించింది. ఇంట్లో అందరూ ఆమెను పిలిచేది విని, పిల్ల ఒకరోజు "లీలా" అంది. సంజమ్మ కూడా తట్టుకోలేక, "అమ్మ అనల్లమ్మా, అమ్మ," అని దిద్దబోయింది. శివలీల వద్దని తల ఊపి, "ఆ, వస్తాండా," అని పలికింది. అప్పటి నుంచీ అలాగే పలుకుతోంది.

ఒక్కో మాట నేర్పుతున్నప్పుడు ఆమెకు ఒక సంగతి తెలుసు. మాటలన్నీ వచ్చాక ఈ పిల్ల వాటిని పేర్చుకుని ఒక రోజు అడుగుతుంది. చెంబు, చీపురు అని నేర్పినా, అవన్నీ తనను అడగబోయే మాటలే. అయినా ఆపలేదు. ఒక మాట తక్కువ నేర్పితే అది రెండో దొంగతనం అవుతుంది.

ఇప్పుడూ సాయంత్రం పెరట్లో పీట వేసుకుని కూర్చుంటుంది. కాళ్ళు రెండూ సమానంగా ఉన్నాయి, మర్దన అక్కర్లేదు. కానీ జానుకు ఆ నూనె వేళ గుర్తుందో, కొత్తగా అలవాటైందో, తనే వచ్చి అడ్డంగా పడుకుంటుంది. వట్టి ఆముదం, వట్టి చేతులు. నర్సరీ పోయాక శివలీల కంకర మోస్తోంది, అరచేతులు గరుకు తేలాయి.

కార్తీకంలో ఒక సాయంత్రం ఆ గరుకు చెయ్యి పిక్క మీద గీసుకుంది. జాను చటుక్కున కాలు లాక్కుని, లేచి కూర్చుని, తల్లి చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. పగుళ్ళ మీద వేలు పెట్టి రాసింది. నుదురు ముడిచింది. ఏదో వెతుక్కుంటున్నట్టు పెదాలు కదిలాయి.

"ఏంటికి?" అంది.

గడపలో వత్తులు చేసుకుంటున్న సంజమ్మ చేతులు ఆగిపోయాయి. ఆటో తుడుస్తున్న రామాంజి తల ఎత్తాడు. ఏడు నెలలుగా శివలీల ఆ మాట కోసమే చెవి ఒగ్గింది, ఆ మాటకే భయపడింది. పని చేసి చేసి గరుకైనాయని చెప్పొచ్చు, అది అబద్ధం కాదు. ఆ పూటకు పిల్ల ఊరుకునేది కూడా.

"ఏంటికి, లీలా?"

"చెప్తా," అంది శివలీల. "ఒకప్పుడు ఈ చేతులకు నేను రబ్బరు తొడుక్కున్నా. అప్పుడూ నువ్వు ఏంటికని అడిగినావు. నేను అబద్ధం చెప్పినా. ఇప్పుడు నిజం చెప్తా, పండుకో."

జాను మళ్ళీ ఆమె కాళ్ళ మీద వాలింది. పిల్లకు ఇందులో నాలుగు మాటలే అర్థమవుతాయి. మిగతావి అర్థమయ్యేదాకా రోజూ చెప్పాలి. శివలీల నూనె గిన్నె దగ్గరికి జరుపుకుని, మొదటి నుంచి మొదలుపెట్టింది. రోడ్డు పక్కన ఒక కానుగ చెట్టు ఉండేదని.